ఎనీడెస్క్ పాస్‌వర్డ్ అందరికీ తెలిస్తే, లోపలికి వచ్చింది ఎవరు?

ప్రశ్న: మేడం, నేను గుంటూరులో ఒక ఆడిట్ ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. మా దగ్గర ఆరు కంప్యూటర్లు, పదకొండు మంది స్టాఫ్. ఏ సిస్టమ్ ఖాళీగా ఉంటే దాని దగ్గర కూర్చుంటాం. అన్నిట్లో దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ సాఫ్ట్‌వేర్ ఉంది, అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్. మర్చిపోకుండా మానిటర్ల అంచున చీటీ అంటించాం. జీఎస్టీ గడువు రోజుల్లో ఇంటికి వెళ్ళాక కూడా దాంతోనే పని చేస్తాం. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ బాగుచేసే అబ్బాయి కూడా అలాగే వచ్చి సరిచేసి వెళ్తాడు. పోయిన నెల 19న రాత్రి తొమ్మిదిన్నరకి నేను ఆఫీసులోనే ఉన్నాను. పక్క సిస్టమ్‌లో మౌస్ దానంతటదే కదిలింది. ఒక క్లయింట్ ఫోల్డర్ తెరుచుకుంది, మూసుకుంది. మర్నాడు అడిగితే అందరూ మేం కాదంటే మేం కాదన్నారు. సార్ అన్నిట్లోంచీ తీసేయమంటున్నారు. తీసేస్తే 20వ తేదీలోపు జీఎస్టీ 3బీ రిటర్నులు వేయలేం. ఆ వేళ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి నా మీదికి వస్తుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది. — పేరు వద్దు

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం అమ్మా. ఆ రాత్రి వచ్చింది ఎవరో మీరు ఎవరినీ బతిమాలి అడగక్కర్లేదు. ఆ కంప్యూటరే రాసి పెట్టుకుంది. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా అని దాచి ఉంచిన ఫోల్డర్ ఒకటి ఉంటుంది. వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ దగ్గర టిక్ పెడితే బయటపడుతుంది. అందులో ఎనీడెస్క్ ఫోల్డర్, దాని లోపల కనెక్షన్ ట్రేస్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్. సార్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ కాపీనే తెరవండి.

బయటి నుంచి ఎవరైనా వచ్చిన ప్రతిసారీ అందులో ఒక లైను పడుతుంది. తేదీ, సమయం, వచ్చిన కంప్యూటర్ ఐడీ, ఎలా వచ్చారో చెప్పే ఒక మాట ఉంటాయి. ఆ మాట 'యూజర్' అయితే, ఆఫీసులో కూర్చున్నవాళ్ళు యాక్సెప్ట్ నొక్కి రానిచ్చారని అర్థం. 'పాస్‌వర్డ్' అన్నదాన్ని కుదించి రాసి ఉంటే, చీటీ మీది పాస్‌వర్డ్ కొట్టి వచ్చారు. 'టోకెన్' అని ఉంటే, ఎప్పుడో ఒకసారి పాస్‌వర్డ్ కొట్టి, ఇకమీదట అడక్కుండా లాగిన్ అయ్యేలా టిక్ పెట్టుకున్న కంప్యూటర్ నుంచి వచ్చారు. 19వ తేదీ రాత్రి లైనులో 'యూజర్' అని లేకపోతే, మీరు ఎవరినీ రానివ్వలేదని ఆ ఫైలే చెబుతుంది.

సమయం దగ్గర మాత్రం తొందరపడకండి. అదే ఎనీడెస్క్ యాడ్ ట్రేస్ అని ఇంకో పెద్ద ఫైల్ కూడా రాసుకుంటుంది. అందులో సమయం మన గడియారం ప్రకారం ఉండదు, ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. కొన్నేళ్ళ కిందట ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో ఆ ఫైల్ చూసి, సాయంత్రం నాలుగింటికి ఎవరో వచ్చారని తేల్చారు. ఆ రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళిన కుర్రాడిని నలుగురి ముందూ నిలబెట్టి అడిగారు. నన్ను పిలిచేసరికి అతను రాజీనామా రాస్తున్నాడు. ఐదున్నర గంటలు కలిపితే రాత్రి తొమ్మిదిన్నర. ఐడీ చూస్తే యజమాని ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌ది. ఆయనే స్టాక్ చూసుకోవడానికి వచ్చి, ఆ సంగతి మర్చిపోయారు. ఆ అబ్బాయి ముఖం నాకు ఇంకా గుర్తుంది. అందుకే మీ దగ్గర ఎవరినీ ఏమీ అనకముందు ఒక పరీక్ష చేయండి. ఫోన్లో టైమ్ చూసుకుని మీరే ఒకసారి కనెక్ట్ అవ్వండి. కనెక్షన్ ట్రేస్‌లో ఎంతని పడిందో చూడండి. తేడా ఉంటే తెలిసిపోతుంది.

ఇక ఐడీ. పదకొండు మందినీ, టాలీ అబ్బాయినీ, సార్‌నీ వాళ్ళవాళ్ళ లాప్‌టాప్‌లోనూ ఫోన్లోనూ ఎనీడెస్క్ తెరిచి, అందులో కనిపించే అంకె ఒక కాగితం మీద రాయమనండి. ఆ రాత్రి ఐడీ వీటిలో ఒకటైతే, చాలావరకు అది దొంగతనం కాదు. అన్ని కంప్యూటర్లకీ ఒకే పాస్‌వర్డ్ కాబట్టి ఒకదానికి బదులు ఇంకొకటి తెరిచి, కాదని చూసి మూసేసి ఉంటారు. మర్నాడు ఒప్పుకోవడానికి భయపడి ఉంటారు. ఏ ఐడీతోనూ కలవకపోతే అది బయటివాళ్ళ పని. అప్పుడు ఆ కంప్యూటర్ నెట్ కేబుల్ పీకేసి, ఫైళ్ళు చెరపకుండా ఉంచి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. బ్యాంకు డబ్బు కూడా కదిలితే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇలాంటి చొరబాట్లు తెలిసిన 6 గంటల్లోపు చెప్పాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న సంస్థలకు ఆదేశాలు ఇచ్చింది. మీ సార్ ఆ సంగతి కూడా చూసుకోవాలి.

2021 ఫిబ్రవరి 5న అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓల్డ్స్‌మార్ అనే చిన్న ఊళ్ళో, నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటులో ఇలాగే జరిగింది. డ్యూటీలో ఉన్న ఉద్యోగి కళ్ళ ముందే మౌస్ కదిలింది. నీళ్ళలో కలిపే కాస్టిక్ సోడా మోతాదు 100 నుంచి 11,100కి మారింది. ఆయన వెంటనే వెనక్కి మార్చాడు, నీళ్ళకి ఏమీ కాలేదు. అక్కడ ఎనీడెస్క్ లాంటిదే, టీమ్‌వ్యూయర్ ఉండేది. రిమోట్‌గా రావడానికి కంప్యూటర్లన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్. మొదట హ్యాకర్ దాడి అని ప్రపంచమంతా చెప్పుకుంది. అప్పట్లో ఆ ఊరి సిటీ మేనేజర్‌గా ఉన్నాయన 2023లో, బయటివాళ్ళెవరూ రాలేదు, ఉద్యోగి పొరపాటే అన్నారు. ఎఫ్‌బీఐ దాకా వెళ్ళిన కేసులో కూడా ఇంత అయోమయం. తాళంచెవి అందరి దగ్గరా ఒకటే ఉన్నప్పుడు తలుపు తీసింది ఎవరంటే చెప్పడం కష్టం. 22 ఏళ్ళుగా విజయవాడ చుట్టుపక్కల ఆఫీసుల కంప్యూటర్లు చూస్తున్నాను. నేను చూసిన గొడవల్లో సాఫ్ట్‌వేర్ చెడ్డదై వచ్చినవి తక్కువ. వచ్చినవాళ్ళకి పేరు లేకపోవడం వల్ల వచ్చినవే ఎక్కువ.

కాబట్టి సార్‌తో నా మాటగా చెప్పండి. ఆరింటిలోంచీ తీసేయక్కర్లేదు. మూడింట్లోంచి తీసేస్తే చాలు. మిగిలిన మూడూ పగలు అందరివి. రాత్రికి మాత్రం ఒక్కోటి ఒక్కరి పేరున ఉండాలి. ఈ నెల 11 దాకా జీఎస్టీ ఆర్-1 రిటర్నులు వేసేవాళ్ళెవరో, 20 దాకా 3బీ వేసేవాళ్ళెవరో ముందే అనుకోండి. ఫలానా సిస్టమ్ ఈ వారం ఫలానావారిది అని గోడ క్యాలెండర్ మీద రాసినా సరిపోతుంది.

ఆ మూడింట్లో ఎనీడెస్క్ సెక్యూరిటీ సెట్టింగ్స్ తెరిచి, ముందు పాత టోకెన్లన్నీ చెరిపే బటన్ నొక్కండి. తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. మూడింటికీ మూడు వేరువేరువి, ఒక్కోటీ కనీసం పదిహేను అక్షరాలు. పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి టోకెన్ల సంగతి వదిలేయకండి. రెండేళ్ళ కిందట మానేసిన మనిషి లాప్‌టాప్‌లో టోకెన్ అలాగే బతికి ఉండటం నేను చూశాను. ఆ పక్కనే యాక్సెస్ కంట్రోల్ లిస్ట్ అని ఉంటుంది. ఇందాక కాగితం మీద రాయించిన ఐడీలు ఇప్పుడు పనికొస్తాయి. ఆ వారం ఆ కంప్యూటర్ ఎవరిదో వాళ్ళ ఐడీ ఒక్కటే ఆ జాబితాలో పెట్టండి. అప్పుడు పాస్‌వర్డ్ బయటికి పొక్కినా వేరే ఐడీ నుంచి తలుపు తెరుచుకోదు. టూ-ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగే ఏర్పాటు, ఆన్ చేసి, కోడ్ వాళ్ళ ఫోన్‌కే వచ్చేలా పెట్టండి. వారం మారినప్పుడు ఇవన్నీ మార్చడం పదిహేను నిమిషాల పని. ఆ పని మీరే చేయండి, మీకు ఓపిక ఉందని ఉత్తరంలోనే తెలుస్తోంది.

ఇదంతా నిలవాలంటే విండోస్‌లో అందరూ ఒకే అకౌంట్‌తో కూర్చోవడం ఆపాలి. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ సార్ దగ్గర ఉండాలి, దాని పాస్‌వర్డ్ ఆయనకీ మీకూ మాత్రమే తెలియాలి. మిగతా అందరికీ వాళ్ళ పేర్లతో మామూలు అకౌంట్లు. మామూలు అకౌంట్‌లో ఉన్నవాళ్ళు అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండా ఎనీడెస్క్ సెక్యూరిటీ సెట్టింగ్స్ మార్చలేరు, కొత్త సాఫ్ట్‌వేర్ కూడా చాలావరకు ఇన్‌స్టాల్ చేయలేరు. మొదటి వారం అందరూ విసుక్కుంటారు. క్రోమ్‌లో ఎవరి పాస్‌వర్డ్‌లు వాళ్ళకే కనిపిస్తున్నాయని తెలిశాక వాళ్ళే అలవాటు పడతారు. ఇప్పుడు మీ ఆఫీసులో ఏ కంప్యూటర్ దగ్గర కూర్చున్నా క్లయింట్ల జీఎస్టీ పాస్‌వర్డ్‌లు క్రోమ్ దానంతటదే నింపుతూ ఉండాలి. అవునో కాదో మీకే తెలుసు. రిమోట్‌గా వచ్చినవాళ్ళకి కూడా అలాగే నింపుతుంది.

టాలీలో కూడా ఇదే మాట. కంపెనీల లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎప్పుడు చేశారో నమోదు కావాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. టాలీ ప్రైమ్‌లో దానికి ఎడిట్ లాగ్ ఇచ్చారు. పదకొండు మందీ టాలీలో ఒకే యూజర్‌తో లాగిన్ అయితే ఎడిట్ లాగ్ నిండా ఆ ఒక్క పేరే ఉంటుంది. ఇంటి నుంచి వోచర్లు చూసుకునే పని మాత్రమే ఉన్నవాళ్ళకి టాలీలోనే రిమోట్ యాక్సెస్ సదుపాయం ఉంది. దానికి యూజర్‌ని సృష్టించాలి, మీ సబ్‌స్క్రిప్షన్ నడుస్తూ ఉండాలి. అందులోంచి వచ్చినవాళ్ళకి టాలీ మాత్రమే కనిపిస్తుంది, కంప్యూటర్ మొత్తం చేతికి రాదు. మీ పదకొండు మందిలో సగం మందికి అదే సరిపోతుందనుకుంటాను.

టాలీ అబ్బాయికి పాస్‌వర్డ్ అసలు ఇవ్వకండి. అతను మంచివాడే కావచ్చు, కానీ అతని ఫోన్లో ఇంకా చాలా ఆఫీసుల ఐడీలు ఉంటాయి. అతను వచ్చినప్పుడు ఆ కాసేపు అతని ఐడీ కూడా యాక్సెస్ కంట్రోల్ లిస్ట్‌లో చేర్చి, ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని యాక్సెప్ట్ నొక్కాలి. ఆ చిన్న కిటికీలోనే ఫైళ్ళు పంపుకోవడం, క్లిప్‌బోర్డ్ వాడటం ఆపే బటన్లు ఉంటాయి. అతనికి కావలసింది స్క్రీన్, కీబోర్డ్, మౌస్ మాత్రమే. పని అయ్యాక మీ చేత్తో డిస్‌కనెక్ట్ నొక్కండి. తర్వాత ఎనీడెస్క్ కిటికీ కూడా మూసేయండి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది మీ ఉత్తరంలో లేని సంగతి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, ఇందాకటి ఎనీడెస్క్ టోకెన్ కాదు. ఆ యూఎస్‌బీ డాంగిల్ రాత్రంతా ఏదో ఒక కంప్యూటర్‌కి గుచ్చే ఉంటుందా? ఆడిట్ ఆఫీసుల్లో విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ కాకుండా ఎనీడెస్క్ ఎందుకు వాడతారో నాకు తెలుసు. రిమోట్ డెస్క్‌టాప్‌లో వస్తే ఆఫీసు కంప్యూటర్‌కి గుచ్చిన టోకెన్ కనిపించదు. ఎనీడెస్క్‌లో వస్తే కనిపిస్తుంది, సంతకం అయిపోతుంది. ఆ సౌకర్యమే పెద్ద ప్రమాదం. పిన్ కూడా టోకెన్ మీద మార్కర్‌తో రాసి ఉన్న ఆఫీసులు నేను చూశాను. లోపలికి వచ్చినవాళ్ళు ఒక డైరెక్టరు తరఫున సంతకం పెట్టగలరు. చట్టం దాన్ని ఆ డైరెక్టరు చేతి సంతకంలాగే చూస్తుంది. సంతకం పని పగలే పెట్టుకోండి. పని అయిన నిమిషంలో టోకెన్ తీసి బీరువాలో పెట్టండి. మీరు అడిగిన అన్నిటికంటే ఇదే ముందు చేయండి, ఈ రోజే చేయండి.

ఇంటి వైపు కూడా ఒక మాట. ఇంట్లో మీరు వాడే లాప్‌టాప్‌లో పిల్లలు ఆటలు దింపుకుంటుంటే, ఆఫీసు తలుపుకి ఎన్ని తాళాలు వేసినా లాభం లేదు. ఇంట్లో కూడా మీకు వేరే విండోస్ అకౌంట్ పెట్టుకోండి. పని చేస్తూ కాపీ చేసిన పాస్‌వర్డ్ క్లిప్‌బోర్డ్ ద్వారా ఆఫీసు కంప్యూటర్‌కి కూడా వెళ్తుంది. మీ తర్వాత కూర్చున్నవాళ్ళు పేస్ట్ నొక్కితే అదే పడుతుంది. సెషన్ అయిపోగానే కంప్యూటర్ లాక్ అయ్యేలా పెట్టండి, లేదా మీరే విండోస్ బటన్, ఎల్ కలిపి నొక్కి బయటికి రండి.

ఆ చీటీలు మాత్రం ఈ సంచిక చదవడం ఆపి ఇప్పుడే పీకేయండి అమ్మా.

ప్రశ్న: రాజమండ్రిలో మాది చిన్న డయాగ్నొస్టిక్ సెంటర్. రిసెప్షన్ కంప్యూటర్‌ని రెండు షిఫ్టుల వాళ్ళూ వాడతారు. డాక్టరుగారు రాత్రి ఇంటి నుంచి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో వచ్చి రిపోర్టులు చూస్తారు. దానికోసం స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రస్) తీసుకుని రూటర్‌లో పోర్ట్ తెరిచాం. 3389 ప్రమాదమని ఎవరో చెబితే 3390కి మార్చాం. ఇక ఫరవాలేదా? — మేనేజర్

జవాబు: ఫరవాలేదని అనలేనండీ. వీధి తలుపు ఎదురుగా ఉంటే దొంగకి కనిపిస్తుందని పక్క గోడకి మార్చారు, అంతే. ఇంటర్నెట్ మీద తెరిచి ఉన్న పోర్టుల కోసం ప్రోగ్రాములు రాత్రీ పగలూ తడుముతూనే ఉంటాయి. 3390ని కూడా తడుముతాయి. మీ కంప్యూటర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబర్ మీద వడకట్టి చూడండి. తప్పు పాస్‌వర్డ్‌తో చేసిన ప్రయత్నాలు అక్కడ నమోదవుతాయి. మీ దగ్గర ఎవరూ వాడని పేర్లు అక్కడ వరసగా కనిపిస్తే, తలుపు ఎవరో తడుతున్నారన్నమాట.

పాస్‌వర్డ్ గట్టిగా ఉంటే చాలని కూడా అనుకోకండి. 2019 మేలో బ్లూకీప్ అని పేరుపడ్డ లోపం బయటపడింది. అప్పటి పాత విండోస్‌లలో పాస్‌వర్డ్ లేకుండానే ఈ రిమోట్ డెస్క్‌టాప్ దారిలో లోపలికి రాగల లోపం అది. మద్దతు ఎప్పుడో ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ఆ రోజు ప్యాచ్ విడుదల చేసింది. అంత తీవ్రంగా తీసుకున్నారు. మీ రిసెప్షన్‌లో విండోస్ 10 ఉంటే, దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అప్‌డేట్లు రాని కంప్యూటర్‌ని బయటి ప్రపంచానికి తెరిచి పెట్టకూడదు.

రూటర్‌లో ఆ పోర్ట్ మూసేయండి. మీ డాక్టరుగారి లాప్‌టాప్‌కీ సెంటర్ కంప్యూటర్‌కీ మధ్య వీపీఎన్, అంటే బయటివాళ్ళకి కనిపించని సొరంగంలాంటి దారి, పెట్టించండి. వైర్‌గార్డ్ కానీ టెయిల్‌స్కేల్ కానీ తెలిసినవాళ్ళు ఒక పూటలో చేసిపెడతారు. అప్పుడు రిమోట్ డెస్క్‌టాప్ ఆ సొరంగం లోపలే తెరుచుకుంటుంది, బయట తడిమేవాళ్ళకి కనిపించదు. టెయిల్‌స్కేల్ పెట్టుకుంటే స్టాటిక్ ఐపీ కూడా అక్కర్లేదు, నెలనెలా ఆ డబ్బు మిగులుతుంది.

రిసెప్షన్ వాళ్ళ అకౌంట్‌లోకి డాక్టరుగారు వస్తున్నారా? అదైతే వెంటనే మార్చండి. ఆయనకి వేరే అకౌంట్ ఉండాలి, అది అడ్మినిస్ట్రేటర్ కాకూడదు. రిమోట్‌గా వచ్చే హక్కు ఆ ఒక్క అకౌంట్‌కే ఇవ్వండి. నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ (తెర కనిపించకముందే పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు) టిక్ తీసేసి ఉంటే మళ్ళీ పెట్టండి. పది తప్పు ప్రయత్నాల తర్వాత అకౌంట్ పది నిమిషాలు మూతపడేలా లాకౌట్ పాలసీ పెట్టండి. విండోస్ 11లో 2022 రెండో సగం వెర్షన్ తాజాగా ఇన్‌స్టాల్ చేసినవాటిలో అది ముందే ఉంటుంది.

డాక్టరుగారు పని అయ్యాక కిటికీ మూల ఇంటూ గుర్తు నొక్కి వెళ్ళిపోతే ఆ సెషన్ ముగియదు, లోపల అలాగే నడుస్తూ ఉంటుంది. రోగుల రిపోర్టులు తెరిచే ఉంటాయి. ఆయన స్టార్ట్ మెనూలోంచి సైన్ అవుట్ చేసి రావాలి. ఇది ఆయనకి చెప్పడానికి మీరు మొహమాటపడతారని తెలుసు. అవసరమైతే ఈ పేజీ ఆయన బల్ల మీద పెట్టండి.

ప్రశ్న: కరీంనగర్‌లో నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఎనీడెస్క్ ఇన్‌స్టాల్ చేయలేదు. డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఫైల్ నొక్కి వాడుకుంటాం, పని అయ్యాక మూసేస్తాం. ఇన్‌స్టాల్ చేయలేదు కాబట్టి భయం లేదు కదా?

జవాబు: మూసేసి ఉన్నంతసేపు దాంట్లోంచి ఎవరూ రాలేరు, ఆ మాట నిజమే. కానీ మీ కౌంటర్ అవతల కూర్చున్న కస్టమర్ దాన్ని నొక్కగలడు. మీ దగ్గరికి వచ్చేవాళ్ళలో పెన్షన్ స్టేటస్ చూసుకునే పెద్దవాళ్ళు, స్కాలర్‌షిప్ పిల్లలు ఉంటారు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఫోన్ వస్తుంది. ఆ ఫైల్ తెరవండి, అందులో అంకెలు చదవండి అంటారు. పెద్దాయన చదువుతాడు. ఫోన్లలో ఈ పద్ధతిలో యూపీఐ డబ్బు కాజేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే ఎనీడెస్క్ పేరు చెప్పి హెచ్చరించింది. కంప్యూటర్‌లోనైనా దారి అదే.

ఆ ఫైల్ డౌన్‌లోడ్స్‌లోంచి తీసేయండి. మీకు అవసరమైతే మీ అకౌంట్‌లోనే ఉంచుకోండి. కస్టమర్లకి వేరే మామూలు అకౌంట్ ఇవ్వండి, ఆ అకౌంట్‌లో డౌన్‌లోడ్ చేసిన ప్రోగ్రాములు నడవకుండా పెట్టించండి. విండోస్‌లో క్విక్ అసిస్ట్ అని ఇంకొకటి ఉంటుంది. అది మైక్రోసాఫ్ట్ వారిదే, చాలా కంప్యూటర్లలో మీరు పెట్టకుండానే ఉంటుంది. కంట్రోల్, విండోస్, క్యూ మూడూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. మోసగాళ్ళు దాన్ని కూడా వాడుతున్నారని 2024 మేలో మైక్రోసాఫ్టే చెప్పింది. మీకు అవసరం లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని స్క్రీన్ మీది అంకెలు పైకి చదువుతున్న కస్టమర్ కనిపిస్తే, దయచేసి లేచి వెళ్ళి ఆపండి. డబ్బు పోయిందంటే అక్కడికక్కడే 1930కి మీ ఫోన్లోంచి చేయించండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, రస్ట్‌డెస్క్. ఆఫీసుకి ఏది సేఫ్? ఒక్క పేరు చెప్పండి. — తిరుపతి

జవాబు: ఒక్క పేరు చెప్పి మిమ్మల్ని నిశ్చింతగా కూర్చోబెట్టలేను. తమ ప్రధాన సర్వర్లలోకి చొరబాటు జరిగిందని ఎనీడెస్క్ 2024 ఫిబ్రవరి 2న ప్రకటించింది. వెబ్ పోర్టల్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దు చేసి, కొత్త సర్టిఫికెట్‌తో వచ్చిన వెర్షన్‌కి మారమంది. అదే ఏడాది జూన్‌లో తమ ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చొరబడ్డారని టీమ్‌వ్యూయర్ చెప్పింది, కస్టమర్ల కనెక్షన్ల దాకా రాలేదంది. రెండూ బయటికి చెప్పాయి, అది మంచి సంగతే. రస్ట్‌డెస్క్‌ని మీ సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు. కానీ ఆ సర్వర్‌ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసే మనిషి మీ దగ్గర ఉండాలి. లేకపోతే వద్దు.

ఏది తీసుకున్నా ఒక్కొక్కరికీ వేరే లాగిన్ ఉందా, టూ-ఫ్యాక్టర్ ఉందా, ఎవరు ఎప్పుడు వచ్చారో తర్వాత చూడగలమా అని అడిగి తీసుకోండి. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ ఉచిత వెర్షన్లు వ్యక్తిగత వాడకానికే ఇచ్చారు. ఆఫీసులో వాటిని వాడితే లైసెన్స్ కొనండి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటన నొక్కి డౌన్‌లోడ్ చేయకండి, వీటి పేర్లతో నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. అడ్రస్ మీరే టైప్ చేసుకుని వెళ్ళండి.

ప్రశ్న: అక్కా, నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. మానేసి మూడు నెలలైంది. నిన్న ఇంట్లో ఎనీడెస్క్ తెరిస్తే పాత ఆఫీసు కంప్యూటర్లు నాలుగూ అందులోనే ఉన్నాయి, పక్కన పచ్చ చుక్కలు వెలుగుతున్నాయి. ఒక్కటి నొక్కితే లోపలికి వెళ్ళిపోతానేమో అనిపించింది. నొక్కలేదు. వాళ్ళకి చెప్పాలా, వద్దా? చెబితే ఇన్నాళ్ళూ నేనే చూస్తున్నానని అనుకుంటారేమో. — పేరు రాయకండి

జవాబు: నొక్కకపోవడం చాలా మంచి పని చేశావు తమ్ముడూ. పని చేస్తుందో లేదో చూద్దామని కూడా నొక్కకు. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లోకి వెళ్ళడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేశారంటే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు ఉంది. నువ్వు పనిచేసిన రోజుల్లో ఇచ్చిన పాస్‌వర్డ్ నువ్వు మానేసిన రోజుతో చెల్లిపోయింది, వాళ్ళు మార్చినా మార్చకపోయినా.

చెప్పు. తప్పకుండా చెప్పు. నీ భయం నాకు అర్థమైంది. కానీ రేపు ఆ ఆఫీసులో ఏ ఫైల్ పోయినా, ట్రేస్‌లో నీ ఐడీ పాత తేదీలతో కనిపిస్తుంది. నువ్వు ముందే రాసి చెప్పి ఉంటే ఆ రాత ఒక్కటే నీ వైపు నిలబడుతుంది. ఫోన్లో చెప్పకు, మెయిల్‌లో రాయి. ఫలానా తేదీన నా ఎనీడెస్క్ జాబితాలో మీ నాలుగు కంప్యూటర్లు ఇంకా కనిపిస్తున్నాయి, నేను మానేసిన తర్వాత ఒక్కసారి కూడా తెరవలేదు, దయచేసి టోకెన్లు చెరిపి పాస్‌వర్డ్‌లు మార్చండి, నా ఐడీ ఇది, మీ కనెక్షన్ ట్రేస్ ఫైల్‌లో చూసుకోండి అని రాయి. నీ ఐడీ నువ్వే ఇస్తే, ఇన్నాళ్ళూ చూశావేమోనన్న అనుమానం వాళ్ళు పది నిమిషాల్లో తీర్చుకుంటారు.

ఆ జాబితాలోంచి వాళ్ళ కంప్యూటర్లు ఇప్పుడే తీసేయకు. పచ్చ చుక్కలున్న స్క్రీన్ ఒక ఫోటో తీసి మెయిల్‌కి జత చెయ్యి. మార్చేశామని వాళ్ళ దగ్గర్నుంచి జవాబు వచ్చాక తీసెయ్యి. నాలుగు రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్ మళ్ళీ పంపు, ఈసారి యజమానిని కూడా కలిపి పంపు. అప్పటికీ రాకపోతే నాకు రాయి.